పెలే ఇంటికి ప్రయాణం

తెల్లవారుజామున నాలుగు. హవాయిలోని పెద్ద దీవి మీద, సముద్రమట్టానికి నాలుగు వేల అడుగుల ఎత్తున, ఒక మహాబిలం అంచు. కంచె వెంబడి జనం బారులు తీరి ఉన్నారు. దుప్పట్లు కప్పుకున్న పిల్లలు, ట్రైపాడ్లు, ఫ్లాస్కుల్లో కాఫీ. కింద నల్లటి నేలలో ఒక రంధ్రం. అందులోంచి ఎర్రగా ఏదో ఉబుకుతుంది, అంచు దాటి కొంచెం ఒలుకుతుంది, అంతలోనే గుటక వేసినట్టు లోపలికి జారిపోతుంది. కాసేపటికి మళ్లీ అదే. రాత్రంతా ఇదే వరస. విసుగెత్తినవాళ్లు కార్లలోకి వెళ్లి నిద్రపోయారు.

ఉన్నట్టుండి, ఈసారి పొంగింది లోపలికి పోలేదు. మనిషెత్తు, ఇంటెత్తు, తాటిచెట్టెత్తు... చూస్తుండగానే నిప్పుల ధార ఆకాశానికి ఎక్కింది. గట్టు కింద నుంచి ఆగని గర్జన. అంత దూరాన నిలబడ్డవాళ్ల చెంపలకూ సెగ తగులుతోంది. ధార కింద గట్టిపడిన రాళ్లు గాజుపెంకుల్లా గలగలమని రాలుతున్నాయి.

కిలవేయా అగ్నిపర్వతం దగ్గర 2024 డిసెంబరు 23 నుంచి పదేపదే కనిపించిన దృశ్యమిది. కొన్ని గంటల పాటు ఎగజిమ్మడం, తర్వాత కొన్ని రోజులో వారాలో ఊరుకోవడం, మళ్లీ లేవడం. 2025లో చాలాసార్లు ఆ ధార వెయ్యి అడుగులు దాటింది. అమెరికా భూగర్భ సర్వే సంస్థ పెట్టిన కెమెరాల నుంచి యూట్యూబ్‌లో అది నేరుగా ప్రసారమైంది. ఆ వీడియోలు మన వాట్సాప్ గ్రూపుల దాకా వచ్చాయి. అదే ఏడాది నవంబరు 23న ఇథియోపియాలో హైలీ గుబ్బీ పేలి, ఆ బూడిద మేఘం మర్నాటికల్లా ఢిల్లీ మీదికి చేరి విమానాలు రద్దయ్యేసరికి అగ్నిపర్వతం మనకూ ఇంటి కబురైంది. కాలిఫోర్నియాలోనో టెక్సస్‌లోనో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులు, సెలవులకు ఎక్కడికి వెళ్దామా అని చూసుకునే తెలుగు కుటుంబాలు ఇప్పుడు అడుగుతున్న ప్రశ్న ఒకటే: ఆ నిప్పును కళ్లారా చూసి రావచ్చా?

చూడొచ్చు. కానీ నిప్పు ఒక్కటే లెక్క పెట్టుకుని వెళ్తే, నూటికి తొంభైమంది ఉసూరుమంటూ తిరిగొస్తారు. వెళ్లాల్సింది ఆ నేల కోసం. ఆ నేల ఎవరిదో తెలుసుకుని వెళ్లాలి.

అది ఆమె ఇల్లు

హవాయి మూలవాసులకు కిలవేయా శిఖరబిలంలోని హలేమౌమౌ అగ్నిదేవత పెలే నివాసం. వాళ్లకు ఇది పాత పురాణంతో సరిపోయే సంగతి కాదు. ఈ రోజుకూ ఆ గట్టు మీద నిలబడి స్తోత్రం పాడి, అనుమతి అడిగి, ఆ తర్వాతే ముందుకు నడిచే కుటుంబాలున్నాయి. గాలికి సాగి సన్నటి గాజు పోగులైన లావాను ‘పెలే జుట్టు’ అంటారు. చుక్కలు చుక్కలుగా గట్టిపడిన దాన్ని ‘పెలే కన్నీళ్లు’ అంటారు. శాస్త్రవేత్తల పుస్తకాల్లోనూ అవే పేర్లు. ఆ పోగులు బంగారు రంగులో ముచ్చటగా ఉంటాయి గానీ వేలికి గుచ్చుకుంటే ఊడిరావు, కంట్లో పడితే కన్ను ఎర్రబారుతుంది. ముట్టుకోకుండా చూసి వదిలేయాలి.

గట్టు చుట్టూ పొదల్లో ఓహెలో అనే ఎర్రటి పండ్లు కాస్తాయి. ముందు పెలేకు సమర్పించి ఆ తర్వాతే నోట్లో వేసుకోవాలన్నది అక్కడి ఆచారం. 1824లో కపియోలని అనే నాయకురాలు, అప్పటికి క్రైస్తవం స్వీకరించిన మనిషి, నడిచి ఇక్కడికి వచ్చింది. పెలేను కాదని, నైవేద్యం పెట్టకుండానే ఆ పండ్లు తింది. ఆమెకు ఏమీ కాలేదని మిషనరీలు ఊరూరా చెప్పుకున్నారు. అయినా రెండు వందల ఏళ్ల తర్వాత కూడా ఆ గట్టు మీద పెలే పేరే వినిపిస్తోంది.

మనవాళ్లకు ఒక మాట. దేవత అనగానే కొబ్బరికాయ కొట్టాలని, పసుపూ కుంకుమా చల్లాలని మనకు చెయ్యి ఊరుకోదు. భక్తితోనే చేస్తాం. కానీ బిలం అంచున ఏ వస్తువూ వదలొద్దని పార్కువాళ్లు అందరినీ వేడుకుంటున్నారు. పూలదండలు, బియ్యం, సారా సీసాలు అక్కడ పోగైతే ఎలుకలూ చీమలూ చేరి, ఆ దీవికే ప్రత్యేకమైన జీవాలకు ముప్పు తెస్తాయి. చేతులు జోడించి నమస్కారం పెట్టండి, చాలు. రాయి కూడా తెచ్చుకోవద్దు. అది చట్టరీత్యా నేరం. జ్ఞాపకంగా పట్టుకెళ్లిన రాళ్లను తర్వాత భయపడి తపాలాలో తిప్పి పంపేవాళ్లు ఏటా ఉంటారు.

> అంకెల్లో హవాయి వాల్కనోస్ నేషనల్ పార్క్
> ఏర్పాటు: 1916 ఆగస్టు 1. ప్రపంచ వారసత్వ స్థలంగా యునెస్కో గుర్తింపు: 1987.
> విస్తీర్ణం దాదాపు 1,350 చదరపు కిలోమీటర్లు. సముద్రతీరం దగ్గర మొదలై మౌనా లోవా శిఖరం దాకా, 4,169 మీటర్ల ఎత్తుకు వెళ్తుంది.
> పార్కులోని రెండు సజీవ అగ్నిపర్వతాలు: కిలవేయా, మౌనా లోవా. మౌనా లోవా 38 ఏళ్ల తర్వాత 2022 నవంబరు 27న మళ్లీ మేల్కొని, రెండు వారాలు తిరక్కుండానే సద్దుమణిగింది.
> అగ్నిపర్వత పరిశీలన కేంద్రాన్ని 1912లో థామస్ జాగర్ స్థాపించారు.

లావాకు టైంటేబుల్ లేదు

విమానం టికెట్లు మూడు నెలల ముందు కొంటాం. కిలవేయా మాత్రం ఎప్పుడు లేస్తుందో చివరి రోజుల్లో గానీ తెలియనివ్వదు. నేల ఎంత ఉబ్బిందో, ఎంత వాలిందో కొలిచే పరికరాల ఆధారంగా శాస్త్రవేత్తలు ‘ఫలానా తేదీల మధ్య రావచ్చు’ అని అంచనా చెబుతారు. అది ఒక రోజు అటూ ఇటూ కావచ్చు, నాలుగు రోజులూ జరగొచ్చు. వచ్చిన ధార పగలు వచ్చి, సాయంత్రానికే ఆగిపోవచ్చు. మబ్బు పట్టి కళ్లెదుట ఏమీ కనిపించకపోనూవచ్చు.

అందుకే పెద్ద దీవిలో ఐదారు రోజులు ఉండేలా చూసుకుని, అందులో రెండు రాత్రులైనా పార్కు పక్కన బస చేయడం మేలని నా అభిప్రాయం. హోనొలులులో దిగి, పొద్దున విమానంలో వచ్చి, సాయంత్రం విమానంలో వెళ్లిపోయే ఒక్కరోజు చుట్టపుచూపు దండగ. డబ్బు పోతుంది, ఒళ్లు హూనమవుతుంది, ఏదీ చూసినట్టు ఉండదు. పార్కు 24 గంటలూ తెరిచే ఉంటుంది కాబట్టి దగ్గర్లో ఉన్నవాళ్లకు అర్ధరాత్రి పిలుపు వచ్చినా పది నిమిషాల్లో చేరుకునే వీలుంటుంది.

దీవికి రెండు విమానాశ్రయాలు. తూర్పున హిలో, పార్కుకు 30 మైళ్లు, ముప్పావుగంట. పడమట కోనా, దాదాపు రెండున్నర గంటల దారి. కోనా వైపు ఎండ, ఇసుక బీచ్‌లు, పెద్ద హోటళ్లు. ఎక్కువమంది అక్కడే గది తీసుకుని రోజూ రాకపోకలతో అలసిపోతారు. పార్కు కోసమే అయితే హిలో గానీ, పార్కు గేటు పక్కనే ఉన్న వాల్కనో గ్రామం గానీ మంచిది. బిలం అంచునే ఉన్న వాల్కనో హౌస్ హోటల్ చరిత్ర 1846లో ఒక గడ్డిపాకతో మొదలైంది. మార్క్ ట్వైన్ 1866లో బస చేసింది ఆ హోటల్‌లోనే. ఇప్పటి భవనం 1941 నాటిది. గదులు కొన్నే, తొందరగా నిండిపోతాయి.

శాకాహారులు వంటగది ఉన్న ఇల్లు అద్దెకు తీసుకుంటే సుఖపడతారు. హిలో రైతుబజారులో బొప్పాయి, అరటి, చిలగడదుంప, ఆకుకూరలు దొరుకుతాయి. ఇంత పప్పూ బియ్యం వెంట ఉంటే పిల్లలకు, పెద్దలకు ఇబ్బంది ఉండదు.

పార్కు ప్రవేశ రుసుము కారుకు 30 డాలర్లు, ఏడు రోజులు చెల్లుతుంది. నగదు తీసుకోరు, కార్డే. పాత సందర్శకుల కేంద్రాన్ని 2025 మార్చిలో మరమ్మతుల కోసం మూసి, తాత్కాలిక కేంద్రాన్ని కిలవేయా మిలిటరీ క్యాంపుకు మార్చారు. ఎక్కడున్నా ముందు అక్కడికే వెళ్లి రేంజర్‌తో పది నిమిషాలు మాట్లాడండి. ఆ రోజు ఏ దారి మూశారు, గాలి ఎటు ఉంది, ఎక్కడి నుంచి బాగా కనిపిస్తోంది, ఇవన్నీ వాళ్లకు తెలిసినట్టు ఏ యాప్‌కూ తెలియదు.

నిప్పు లేని రోజున

అగ్నిపర్వతం నిద్రలో ఉంటే పార్కులో చూడటానికి ఏముంటుందని చాలామంది అడుగుతారు. చూడదగ్గవన్నీ అప్పుడే తీరికగా చూడొచ్చు.

మొదట కిలవేయా ఇకి. 1959 నవంబరు 14న ఇక్కడ మొదలైన విస్ఫోటనం 36 రోజులు సాగింది. ఆ ధారల్లో ఒకటి 1,900 అడుగులు లేచింది. బిలం నిండా లావా చెరువు కట్టింది. పైన అట్టు కట్టినా అడుగున పూర్తిగా గడ్డకట్టడానికి దశాబ్దాలు పట్టింది. ఇప్పుడు ఆ చెరువు మీదే నడుస్తారు. గట్టు మీద చెట్ల నీడలో మొదలైన బాట 400 అడుగులు కిందికి దిగుతుంది. అడుగడుక్కీ ఫెర్న్ మొక్కలు, పక్షుల కూతలు. అడుగుకు చేరేసరికి పచ్చదనం ఒక్కసారిగా ఆగిపోతుంది. పలకలు పలకలుగా పగిలి పైకి లేచిన నల్లటి నేల, పగుళ్లలోంచి ఇప్పటికీ ఆవిరి. వాన పడితే ఆ ఆవిరి మరీ ఎక్కువ. ఆ పగుళ్లలోనే అక్కడక్కడ మోకాలెత్తు ఓహియా మొక్క, కొమ్మ చివర ఎర్రటి కుంచెలాంటి లెహువా పువ్వు. చచ్చిన రాతి మీద మొదట వేరు దించే చెట్లలో ఇదొకటి. మూడు మైళ్లకు కాస్త పైబడిన చుట్టు, రెండు మూడు గంటలు పడుతుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దలు దిగకుండా గట్టు మీది చూపులతో సరిపెట్టుకోవచ్చు.

ఆ ఓహియాకు ఇప్పుడు ఒక శిలీంధ్రం ప్రాణాంతకమైంది. చూస్తుండగా చెట్టు మొత్తం ఎండిపోతుంది. బాట మొదట్లో బూట్లు రుద్దుకునే బ్రష్‌లు పెట్టింది అందుకే. దయచేసి దాటిపోకండి. రుద్దుకోవడానికి అరనిమిషం చాలు.

నాహుకు అనే లావా సొరంగం పిల్లలకు నచ్చుతుంది. లావా నది పైపొర గట్టిపడి, లోపలి ప్రవాహం ఖాళీ అయిపోగా మిగిలిన గొట్టం అది. పొద్దున ఎనిమిదిలోపు వెళ్తే రద్దీ ఉండదు. ఆవిరి గుంటలు, గంధకపు గట్లు కారు దిగి కాస్త నడిస్తే చాలు.

అన్నిటికన్నా మనసులో నిలిచేది మాత్రం చెయిన్ ఆఫ్ క్రేటర్స్ రోడ్డు. శిఖరం దగ్గర నుంచి దాదాపు 19 మైళ్లు, 3,700 అడుగులు దిగుతూ సముద్రానికి చేరుతుంది. దారి పొడవునా ఏ ఏడాది లావా ఎక్కడ పారిందో బోర్డులుంటాయి. 1969 నుంచి 1974 దాకా పారింది ఒకచోట, ఆ పక్కనే ఇంకొకటి. ఒకప్పుడు ఈ రోడ్డు కలపాన ఊరి దాకా వెళ్లేది. తర్వాతి లావా దాన్ని మింగేసింది. దారిలో పెట్రోలు, తిండి, నీళ్లు ఏవీ దొరకవు. ట్యాంకు నింపుకునే దిగాలి.

ఆ రోడ్డు దిగువన ఆగి, నీడలేని లావా మీద ముప్పావు మైలు నడిస్తే పువూ లోవా వస్తుంది. అక్కడ రాతి మీద చెక్కిన గుర్తులు 23,000కు పైగా ఉన్నాయి. మనుషుల బొమ్మలు, వలయాలు కొన్ని. ఎక్కువ భాగం మాత్రం బొటనవేలు పట్టేంత చిన్న గుంటలు. బిడ్డ పుట్టాక బొడ్డుతాడు తెచ్చి ఆ గుంటలో పెట్టి, పైన రాయి కప్పేవారు. తెల్లారి చూసేసరికి అది మాయమైతే బిడ్డకు నిండు నూరేళ్లని నమ్మకం. బిడ్డకు ఊడిన బొడ్డును తాయెత్తులో పెట్టి మొలకు కట్టిన మన అమ్మమ్మలకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. మధ్యాహ్నపు ఎండలో, చెక్క నడవ మీద నిలబడి, ఆ వేల గుంటల్ని చూస్తున్నప్పుడు ప్రతి గుంటా ఒక పసిబిడ్డ అని గుర్తుకొస్తుంది. వెయ్యి అడుగుల నిప్పుకన్నా నన్ను ఎక్కువ కదిలించేది ఇదే. చెక్క నడవ దాటి రాతి మీద కాలు పెట్టొద్దు. చెక్కినచోట వేలు పెట్టి రుద్దొద్దు.

> మన దగ్గరా నిప్పు పారింది
> సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట పశ్చిమ కనుమల వైపు వెలువడిన దక్కన్ లావా దాదాపు వెయ్యి కిలోమీటర్లు పారి రాజమహేంద్రవరం ప్రాంతానికి చేరిందని భూగర్భ శాస్త్రవేత్తల అంచనా. కాటేరు, పంగిడి, గౌరీపట్నం క్వారీల్లోని నల్లరాయి అదే. తెలంగాణ పడమటి జిల్లాల నల్లరేగడి నేలలూ ఆ రాయి అరిగి ఏర్పడ్డవే.
> నంద్యాల జిల్లా జ్వాలాపురంలో 74 వేల ఏళ్ల కిందటి బూడిద పొర ఉంది. సుమత్రా దీవిలోని టోబా పేలినప్పుడు ఎగిరొచ్చిందది. ఆ పొరకు పైనా కిందా కూడా ఆదిమానవుల రాతి పనిముట్లు దొరికాయి.
> దేశంలో ఇప్పుడు సజీవంగా ఉన్న అగ్నిపర్వతం అండమాన్లలోని బారెన్ దీవి. 2025 సెప్టెంబరులోనూ ఎగజిమ్మింది. దీవి మీద దిగడానికి సందర్శకులకు అనుమతి లేదు.

లావా గుమ్మంలోకి వచ్చిన ఇళ్లు

పార్కు సరిహద్దు లావాకు అడ్డు కాదు. 2018 మే 3న శిఖరానికి చాలా దూరంగా, లేలాని ఎస్టేట్స్ అనే కాలనీ వీధుల్లో నేల చీలి లావా పైకొచ్చింది. మర్నాడు 6.9 తీవ్రతతో భూకంపం. ఆ వేసవిలో 24 చీలికలు తెరుచుకున్నాయి. 700కు పైగా ఇళ్లు కాలి, పూడిపోయాయి. కపోహో అఖాతం నిండి నేలైపోయింది. అడుగున లావా ఖాళీ కావడంతో కిలవేయా శిఖరబిలం కుంగి, పార్కును 134 రోజులు మూసేశారు. అంచున ఉన్న జాగర్ మ్యూజియం పగుళ్లిచ్చి మళ్లీ తెరుచుకోలేదు.

ఆ రోజుల్లో కాలనీవాసులు కొందరు ఇల్లు వదిలి వెళ్లేముందు గుమ్మం ముందు ‘టీ’ అనే మొక్క (తేయాకు కాదు) ఆకులు, పూలు పరిచి వెళ్లారు. నేల పెలేది, తిరిగి తీసుకుంటోంది అన్నారు. అలా అనగలిగినవాళ్లకు కూడా తెల్లారితే ఎక్కడ తలదాచుకోవాలన్న ప్రశ్న తప్పలేదు. ఇక్కడ స్థలాలు చవక. ఆ చవక చూసే జీతగాళ్లు, రిటైరైనవాళ్లు చేరారు. లావా ప్రమాదం ఎక్కువున్న మండలంలో బీమా దొరకడమే కష్టం.

అంతకు ముందు 1990లో కలపాన పూడిపోయింది. గోడల నిండా రంగుల బొమ్మలున్న చెక్క చర్చిని, లావా చేరేలోపు ఊరివాళ్లు వాహనం మీదికెక్కించి తరలించుకున్నారు. ఇప్పటికీ అది 130 నంబరు రహదారి పక్కన నిలిచి ఉంది. ఆ ఊరి మీద గడ్డకట్టిన రాతి మీదే కొందరు మళ్లీ ఇళ్లు కట్టుకున్నారు. సోలార్ పలకలతో కరెంటు, తొట్లలో పట్టిన వాన నీళ్లు. ఈ వీధుల్లోకి కారు వేసుకుని వెళ్లి, కాలిన ఇంటి ముందు నవ్వుతూ సెల్ఫీలు దిగడం పాపం అనే అంటాను. అది ఎవరో బతికిన ఇల్లు. పలకరించాలనిపిస్తే ఆ చుట్టుపక్కల సంతలో నాలుగు పండ్లు కొనండి, మాట్లాడండి.

గాలి, గట్టు, పసిపిల్లలు

కిలవేయా లావా పల్చన. చాలావరకు పేలకుండా పారుతుంది. అందుకే జనం దగ్గరికి వెళ్లగలుగుతున్నారు. అయితే ఎప్పుడూ అంతే అనుకోవద్దు. 1790లో ఇది పేలినప్పుడు, అటుగా నడుస్తున్న కెయోవా అనే హవాయి నాయకుడి సేనలో ఒక జట్టు మొత్తం చనిపోయింది. కావూ ఎడారి బూడిదలో ఆ కాలపు పాదముద్రలు గట్టిపడి మిగిలాయి. న్యూజీలాండ్‌లోని వకారి దీవి 2019 డిసెంబరు 9న పేలినప్పుడు దాని మీద 47 మంది ఉన్నారు. 22 మంది ప్రాణాలు పోయాయి. కాబట్టి పార్కువాళ్లు తాడు కట్టి మూసిన చోటుకు ‘అందరూ వెళ్తున్నారు కదా’ అని వెళ్లొద్దు. 2025 డిసెంబరులో లావా ధార ఒకటి పక్కకు ఒరిగి, మూసిన ప్రాంతంలో పెట్టిన పరిశీలన కెమెరానే కప్పేసింది. ఆ కెమెరా ఉన్నచోట మనుషులుంటే ఏమయ్యేదో చెప్పక్కర్లేదు.

లావాకన్నా ముందు భయపడాల్సింది గట్టును. 2024 క్రిస్మస్ రాత్రి, విస్ఫోటనం మొదలైన రెండు రోజులకే, ఒక పసివాడు తన వాళ్ల దగ్గర నుంచి తప్పించుకుని నేరుగా అంచు వైపు పరుగెత్తాడు. కింద 400 అడుగుల లోయ. అడుగు దూరంలో తల్లి అందుకుంది. చుట్టూ అందరి చూపూ ఎర్రటి వెలుగు మీదే ఉన్నప్పుడు ఇలాంటివి జరుగుతాయి.

మూడోది గాలి. లావాతో పాటు గంధకపు వాయువు వస్తుంది. గాలి మన వైపు తిరిగితే గొంతు మండుతుంది, కళ్లు నీరు కారుతాయి. ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు, పసిపిల్లలు ఆ వాసన రాగానే కారెక్కి కిటికీలు మూసుకుని దూరంగా పోవాలి. మామూలు మాస్కు ఆ వాయువును ఆపదు.

> సంచీలో ఏముండాలి
> స్వెట్టర్, రెయిన్‌కోట్: కింద బీచ్‌లో చెమటలు పట్టినా పైన రాత్రిపూట వణుకు పుడుతుంది, వాన చెప్పిరాదు.
> చెప్పులు వద్దు, బూట్లే. లావా రాయి మీద పడితే చర్మం గీరుకుపోతుంది.
> ఒక్కొక్కరికి ఒక టార్చి, తాగునీళ్లు. ఇన్‌హేలర్ వాడేవాళ్లు జేబులోనే ఉంచుకోవాలి.
> డ్రోన్ ఇంట్లోనే వదిలేయండి. నేషనల్ పార్కుల్లో నిషేధం.

రోడ్డు మీద ‘నేనే’ అనే పెద్దబాతు కనిపిస్తే బండి ఆపండి. హవాయి రాష్ట్ర పక్షి అది. 1950ల నాటికి ముప్ఫై దాకా మాత్రమే మిగిలి, పెంచి వదలడం వల్ల మళ్లీ వేలకు చేరింది. తిండి పెడితే కార్ల దగ్గరికి రావడం అలవాటై చక్రాల కింద పడి చస్తుంది. ముద్దొచ్చినా ఏమీ వేయొద్దు.

బయల్దేరే రోజు పొద్దున రెండు చోట్ల చూడండి: పార్కు అధికారిక వెబ్‌సైట్‌లో మూసిన దారులు, హవాయి అగ్నిపర్వత పరిశీలన కేంద్రం రోజూ పెట్టే ప్రకటన. లావా ఉందని ఉంటే, అందరూ వెళ్లే సూర్యాస్తమయం వేళ కాకుండా తెల్లవారుజామున మూడింటికి వెళ్లండి. కారు పెట్టుకోవడానికి చోటు దొరుకుతుంది, చీకటీ చిక్కగా ఉంటుంది. లేదని ఉంటే పువూ లోవాకు నడవండి. ఏ రోజైనా, ఏ గట్టు మీదైనా, పిల్లల చెయ్యి మాత్రం వదలొద్దు.